నాలుగో పెట్టె

మొన్న శ్రావణమాసంలో ఒక సాయంకాలం మా మేనల్లుడు మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే ఒక ప్రశ్న వేశాడు.

"మామా, నాలుగోది తెచ్చుకోమంటవా, వద్దంటవా?"

నాలుగో ఉద్యోగమా, నాలుగో పెళ్ళిసంబంధమా అని పాఠకులు అనుకోవచ్చు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు మేనమామను అడిగే ప్రశ్నలు సాధారణంగా అటువంటివే. వాడు అడిగినది మాత్రం నాలుగో పామును గురించి.

ఇదివరకే మూడు పాములున్న ఇంట్లోకి నాలుగోది రావచ్చునా, రాకూడదా అన్న విషయంలో ఆంగ్లసాహిత్యం చదివిన వాడి సలహా ఎవరికీ అక్కరకు రాదు. ఒక భాషలోని మాటలను మరొక భాషలోకి మోసుకొని రావడం నా వృత్తి. అయినా వాడు నా దగ్గరకే రావడానికి కారణం లేకపోలేదు. మూడేళ్ళ క్రితం పాముల సంరక్షణను గురించిన ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేసి ఇచ్చినది నేనే. అది వాడి కోసం చేసినది కాదు. ఇంట్లో ఏమున్నదో తనకు తెలియాలని పట్టుబట్టిన వాళ్ళ అమ్మ కోసం, అంటే మా అక్క కోసం చేసినది. అప్పటినుండి వాడి దృష్టిలో నేను ఆ శాస్త్రంలో పండితుణ్ణి అయిపోయాను.

ఉధ్నాను గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. ఇది సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న పారిశ్రామికవాడ. బొంబాయి నుండి అహమ్మదాబాదు పోయే రైలుమార్గంలో సూరత్‌కు ముందు వచ్చే స్టేషను. జలగాఁవ్ వైపు పోయే తపతీ లైను ఇక్కడే చీలుతుంది. ఇక్కడా, పక్కనే ఉన్న లింబాయత్, డిండోలీ ప్రాంతాలలోనూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా బావ ముప్పై ఏళ్ళుగా ఇక్కడ మరమగ్గాల మీద కోరా బట్ట నేస్తున్నాడు. వాళ్ళది రెండు గదుల ఇల్లు. వెనుక గదికి పడమటి గోడ ఉన్నదే, అది పక్కనున్న మగ్గాల షెడ్డుకూ గోడే. పగలొక షిఫ్టు, రాత్రి ఒక షిఫ్టు. ఆ గోడకు కొట్టిన బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెడితే అది తనంతట తానే అంచుకు జరిగి వస్తుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలకు మగ్గాల చప్పుడు వినపడదు. ఆగినప్పుడు మాత్రమే ఉలిక్కిపడి లేస్తారు. ఈ గోడను పాఠకులు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను.

వాడి మొదటి పాము 2019లో వచ్చింది. చీరలకు కంప్యూటరు మీద డిజైన్లు వేసే పనిలో కుదిరి, కూడబెట్టిన జీతంతో బాల్ పైథాన్ పిల్లను తెచ్చాడు. అప్పటికది మూరెడు కూడా లేదు. పశ్చిమాఫ్రికా గడ్డిభూముల్లో ఉండే చిన్నజాతి కొండచిలువ అది. విషం లేదు. పూర్తిగా పెరిగినా సాధారణంగా మూడు నుండి ఐదడుగులకు మించదు. భయపడితే కాటు వేయడానికి బదులు తలను లోపల దాచుకొని బంతిలాగా చుట్టుకుపోతుంది కనుకనే దానికా పేరు వచ్చింది. బెనిన్ దేశంలో విదా అనే ఊళ్ళో వీటికొక గుడి ఉన్నది. అక్కడి పాములు ఊళ్ళోకి పోయి ఎవరింట్లోనైనా దూరితే, ఆ ఇంటివారు వాటిని భక్తితో పట్టి మళ్ళీ గుడిలో దిగబెడతారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా అక్క, "మన నాగేంద్రుడే అక్కడ గూడ ఉన్నడన్నట్టు" అన్నది.

2022లో అమెరికాకు చెందిన కార్న్ స్నేక్ ఒకటి వచ్చింది. నారింజరంగు మీద ఎర్రమచ్చలతో కళంకారీ అద్దకంలాగా ఉంటుంది. 2023 ఆషాఢంలో మరొక బాల్ పైథాన్ వచ్చింది. ఈ విధంగా మూడయ్యాయి.

ఇక్కడ చట్టం సంగతి చెప్పకపోతే పొరపాటవుతుంది. నాగుపాము, జెర్రిపోతు, మన దేశపు కొండచిలువ వంటి వాటిని ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జంతువుల విషయంలో చాలాకాలం స్పష్టత ఉండేది కాదు. 2020లో కేంద్రప్రభుత్వం, అటువంటివి ఉన్నవారు తమంత తాముగా వెల్లడించవచ్చునని అవకాశమిచ్చింది. 2022లో చట్టాన్ని సవరించారు. 2024లో వచ్చిన నియమాల ప్రకారం, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికల్లో ఉన్న జాతులను ఉంచుకున్నవారు వాటిని నమోదు చేయించాలి. అవి పిల్లలు పెట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. బాల్ పైథాన్ ఆ పట్టికలో ఉన్నది. మా వాడు కాగితాల విషయంలో నిక్కచ్చి మనిషి. తన రెండింటినీ నమోదు చేయించాడు. కనుక నాలుగోదాని ప్రశ్న చట్టం తేల్చిపెట్టే ప్రశ్న కాదు. చట్టం వద్దనని చోటనే మనిషికి అసలైన ఆలోచన అవసరమవుతుంది.

మా అక్క భయాన్ని గురించి కూడా చెప్పాలి. ఆమెకు పదేళ్ళప్పుడు మా చిన్నాన్న కట్లపాము కాటుతో పోయాడు. వానకాలంలో నేలమీద చాప పరుచుకొని పడుకున్నవాడు తెల్లవారి లేవలేదు. కట్లపాము కాటు నొప్పి తెలియనంత సన్నంగా ఉంటుంది; నిద్రలో ఉన్నవాడికి చాలాసార్లు తెలియనే తెలియదు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2000 నుండి 2019 వరకు ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటు వల్ల సుమారు పన్నెండు లక్షలమంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది, మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఆ మరణాలలో అధికభాగం సంభవించిన ఎనిమిది రాష్ట్రాలలో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఉన్నది, గుజరాత్ కూడా ఉన్నది. అంటే మా అక్క పుట్టిన నేల, మెట్టిన నేల రెండూ ఆ జాబితాలో ఉన్నవే. అటువంటి మనిషి, కొడుకు తెచ్చిన పెట్టె ముందు ఆరునెలలపాటు తల తిప్పుకొని నడిచిందంటే ఆశ్చర్యమేమున్నది? నేను తెలుగు చేసి ఇచ్చిన పుస్తకాన్ని ఆమె కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. భయం పూర్తిగా పోలేదు గాని, దేనికి భయపడాలో, దేనికి అక్కరలేదో తెలిసింది. కొడుకు పనిమీద పొరుగూరు వెళితే నీళ్ళగిన్నెలు మార్చేది ఇప్పుడామే.

ఇక నాలుగోదాని కథ. మేనల్లుడి స్నేహితుడు ఒకతనికి వేరే ఊళ్ళో ఉద్యోగమైంది. హాస్టలులో ఉండాలి, అక్కడ పామును రానివ్వరు. అతని దగ్గర రెండేళ్ళ బాల్ పైథాన్ ఉన్నది. సగం ఒళ్ళు పాలలాగా తెల్లగా, మిగిలిన సగం గోధుమరంగు మచ్చలతో ఉండే అరుదైన రకం. కొనాలంటే మావాడి నెలజీతం చాలదు. దానిని అతడు ఉచితంగా ఇస్తానన్నాడు. నమోదు కాగితాలు కూడా సక్రమంగా ఉన్నాయి.

మావాడి వాదన ఇది: పాము కుక్కలాగా మొరగదు, పిల్లిలాగా ఇల్లు తిరగదు. పది పదిహేను రోజులకొకసారి ఒక ఎలుక చాలు. ఎలాగూ మూడింటికి చేసే పనే కదా, అందులో నాలుగోదానికి కూడా చేస్తే పోయేదేమిటి? కావలసినదల్లా మరొక పెట్టె.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. వాడి మాటల్లో ఒకటి నాకు అడ్డు తగిలింది. స్నేహితునితో ఫోనులో మాట్లాడేటప్పుడు వాడు తన పాములను "కలెక్షన్" అన్నాడు. పుస్తకం తెలుగు చేసిన రోజులలో కూడా ఈ మాటే నన్ను ఇబ్బంది పెట్టింది. ఇంగ్లీషులో తపాలాబిళ్ళలకూ, నాణేలకూ, పాములకూ అదే మాట సరిపోతుంది. తెలుగులో సేకరణ అని రాశాను, బాగుండలేదు. కొట్టివేసి పెంపకం అని రాశాను. అప్పుడు వాక్యమే మారిపోయింది. "మీ సేకరణలో ఎన్ని ఉన్నాయి" అని అడిగితే జవాబు ఒక అంకె. "మీ పెంపకంలో ఎన్ని ఉన్నాయి" అని అడిగితే, ఎలా ఉన్నాయన్న ప్రశ్న వెనువెంటనే వస్తుంది. మనం పెంపుడు కుక్క అన్న మాటతోనే పెంపుడు కొడుకు అని కూడా అంటాము. ఉచితంగా వస్తున్నాడని ఎవరూ కొడుకును పెంపుకు తెచ్చుకోరు కదా!

ఇదంతా వాడికి చెప్పలేదు. భాషాశాస్త్రం వినే ఓపిక ఆ వయస్సులో నాకూ ఉండేది కాదు. "నీ నోటుబుక్కు పట్టుకొని రా, చూద్దాం" అన్నాను.

మావాడి మంచి అలవాట్లలో ఒకటి, మొదటి పామును తెచ్చిననాటి నుండీ రోజువారీ రాసి పెట్టడం. ఎప్పుడు తిన్నది, ఎంత బరువున్నది, కుబుసం ఎప్పుడు విడిచింది, పెట్టెలో వేడి ఎంత, తేమ ఎంత. మరునాడు అక్కవాళ్ళ ఇంట్లో, వెనుక గదిలో కూర్చొని ఇద్దరమూ 2023 సంవత్సరపు పేజీలు తిరగవేశాము.

ఆషాఢంలో మూడో పాము వచ్చింది. కొత్తగా వచ్చినదానిని కనీసం నెల నుండి మూడు నెలలదాకా వేరే గదిలో, వేరే సామానుతో ఉంచాలని పుస్తకంలో ఉన్నది, నేనే అనువదించాను. కాని రెండు గదుల ఇంట్లో వేరే గది ఎక్కడినుండి వస్తుంది? ముందు గదిలో మనుషులు పడుకుంటారు. అందుచేత కొత్తదానిని పాతవాటి పక్కనే పెట్టాడు. మూడు వారాలు తిరిగేసరికి మొదటి పాము పొలుసుల సందుల్లో నల్లని చుక్కలు కనబడ్డాయి. అవి గోమార్లు. కొత్తదానితో వచ్చి మూడింటికీ పట్టుకున్నాయి. కళ్ళచుట్టూ చేరి రక్తం తాగుతాయి. పాము ఉపశమనం కోసం నీళ్ళగిన్నెలోనే పడి ఉంటుంది. పాములకు వైద్యం తెలిసిన పశువైద్యుణ్ణి వెతికి పట్టుకోవడానికే వాడికి తొమ్మిది రోజులు పట్టింది. రెండు నెలలపాటు రోజూ పెట్టెలు కడగడం, మందు పెట్టడం. ఆ రెండు నెలలూ వాడు ఉద్యోగంలో ఎన్ని సెలవులు పెట్టాడో నోటుబుక్కులో లేదు, అక్కకు జ్ఞాపకమున్నది.

అంతటితో అయిపోలేదు. మూడో పెట్టెకు చోటివ్వడానికి మొదటి పాము పెట్టెను తూర్పుగోడ నుండి పడమటి గోడకు, అంటే మగ్గాల షెడ్డు గోడకు మార్చాడు. ఆ తరువాతి పేజీలలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది: "తినలేదు." జులై 9, తినలేదు. జులై 23, తినలేదు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. బాల్ పైథాన్లు నెలల తరబడి ఉపవాసం ఉండగలవు. అది వాటి స్వభావంలోనే ఉన్నది కనుక వాడు మొదట కంగారుపడలేదు. బరువు మాత్రం తగ్గుతూ వచ్చింది. నవంబరులో దీపావళి సెలవులకు షెడ్డు మూతబడింది. ఉధ్నాలో మగ్గాలన్నీ కలిసి ఆగేది ఆ పండుగకే. మూడోరోజు రాత్రి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్నది: "తిన్నది!!" సెలవులు అయిపోయాయి, మగ్గాలు మొదలయ్యాయి, మళ్ళీ తినలేదు.

పాముకు బయటికి కనిపించే చెవులు లేవు. నేలమీద ఆనించిన దవడ ఎముక ద్వారా అదురు లోపలిచెవికి చేరుతుంది. చుంచు గడ్డిలో నడిచే అలికిడిని పట్టుకోవడానికి ప్రకృతి ఇచ్చిన సాధనమది. అటువంటి దవడను రేయింబవళ్ళు అదిరే గోడ పక్కన పెట్టామన్నమాట. తన వేటకు, శత్రువుకు, మగ్గానికి తేడా తెలుసుకోలేని జీవి నాలుగు నెలలు బిగుసుకొని కూర్చున్నది. చప్పుడు మనకు అలవాటైపోయింది కనుక దానికీ అలవాటవుతుందని అనుకున్నాము.

"దీపావళి సెలవుల్ల ఒక్కసారి తిన్నంత మాత్రాన మగ్గాలే కారణమని ఎట్లంటం మామా? గోమార్ల మందు గూడ అప్పుడే అయిపోయింది గదా" అన్నాడు మేనల్లుడు. నిజమే. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేయరాదు. కాని డిసెంబరులో వాడు ఆ పెట్టెను తిరిగి తూర్పుగోడకు మార్చి, మూడు పెట్టెలనూ అక్కడే ఇరికించి సర్దాడు. మూడు వారాలకు పాము తిన్నది. అప్పటినుండి తింటూనే ఉన్నది. ఆ సంగతి కూడా వాడి చేతిరాతలోనే ఉన్నది.

నేను నోటుబుక్కు మూసి గది చుట్టూ చూశాను. ఉత్తరాన కిటికీ, ఎండ పడుతుంది. దక్షిణాన తలుపు. తూర్పుగోడ నిండా మూడు పెట్టెలు. మిగిలినది పడమటి గోడ ఒక్కటే.

"నాలుగో పెట్టె ఎక్కడ పెడతావు?" అన్నాను.

వాడు జవాబు చెప్పలేదు. మూడింటికి చేసే పనే నాలుగింటికి అని వాడు వేసిన లెక్కలో పని ఉన్నది, ఎలుకల ఖర్చు ఉన్నది, కరెంటు బిల్లు కూడా ఉన్నది; గోడ మాత్రం లేదు.

గోడ తరువాత లెక్కపెట్టవలసినవి ఏళ్ళు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో ఒక బాల్ పైథాన్ ఉండేది. దానిని 1961లో ఎవరో ఇచ్చి వెళ్ళారు. 2020 జులైలో, సుమారు అరవై రెండేళ్ళ వయస్సులో, మగపాము జత లేకుండానే అది ఏడు గుడ్లు పెట్టి పత్రికలకెక్కింది. అన్నీ అంతకాలం బతకకపోవచ్చు; కాని సరిగా చూసుకుంటే ముప్పై ఏళ్ళు బతకడం అరుదేమీ కాదు. స్నేహితుడిస్తానన్న పాముకు ఇప్పుడు రెండేళ్ళు. అది ముసలిది అయ్యేసరికి మావాడికి యాభై దాటుతుంది. మా అక్కకు ఎనభై. ఈలోగా వాడికి పెళ్ళి కావాలి, ఇల్లు మారాలి, పిల్లలు పుట్టాలి. రాబోయే ఆ అమ్మాయి ఎవరో, ఆమె చిన్నాన్న ఏ కాటుకు పోయాడో మనకు తెలియదు. ఆమె తరపున కూడా మనమే ఒప్పుకుంటున్నామన్నమాట.

ఇదంతా విన్న తరువాత వాడు తల వంచుకొని అసలు సంగతి బయటపెట్టాడు. స్నేహితుడు ముందురోజు ఫోను చేసి అన్నాడట: "నువ్వు తీసుకోకపోతే డుమస్ వైపు పోయి ఎక్కడన్న పొదల్ల విడిచిపెడత."

మావాడి ఆత్రానికి అసలు కారణం అరుదైన రంగు కాదు, ఆ మాట! వాణ్ణి గురించి నేను కొంత తక్కువగా అంచనా వేశానని సిగ్గుపడ్డాను.

వదిలిపెట్టడం దయగా కనిపిస్తుంది. అదేమి చేయగలదో అమెరికాలోని ఫ్లోరిడా ప్రాంతం చూసింది. ముద్దుగా తెచ్చుకున్న బర్మా కొండచిలువలు పది పదిహేనడుగులు పెరిగేసరికి అక్కడి వారు కొందరు వాటిని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో వదిలారు. 1992లో ఆండ్రూ తుపానుకు పాముల పెంపకశాల ఒకటి ధ్వంసమై మరికొన్ని బయటపడ్డాయని అంటారు. 2000 నాటికి అవి అక్కడ సంసారం పెట్టుకున్నట్టు రూఢి అయింది. అవి ఎక్కువకాలంగా ఉన్న ప్రాంతంలో రకూన్ వంటి చిన్నజంతువులు కనిపించడం నూటికి తొంభైతొమ్మిది వంతులు తగ్గిపోయిందని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అదే ఏడు ఆ దేశం బర్మా కొండచిలువల దిగుమతిని నిషేధించింది. డుమస్ పొదల్లో ఒక్క బాల్ పైథాన్ ఇంతపని చేస్తుందని నేననను. పెట్టెలో పుట్టి పెట్టెలో పెరిగిన పాము అది. ఎలుకను వెతుక్కోవడం తెలియక ఎండిపోతుంది. లేదా తెల్లగా మెరిసే దాని ఒళ్ళు చూసి ఎవరో కట్టెతో కొడతారు.

కనుక వద్దని చెప్పి చేతులు దులుపుకోవడానికి వీలు లేదు. తెస్తే ఇంట్లో ఉన్నవాటికి కష్టం. తేకపోతే దానికి ప్రాణాపాయం. మావాడి ప్రశ్న నేననుకున్నంత తేలికైనది కాదు.

అప్పుడు నాకు ఇరులవారు జ్ఞాపకం వచ్చారు. తమిళనాడులోని ఈ గిరిజనులు తరతరాలుగా పాములు పట్టడంలో నేర్పరులు. చర్మాల వ్యాపారం నిషేధింపబడి బతుకుతెరువు పోయిన తరువాత, 1978లో వారిది ఒక సహకార సంఘం ఏర్పడింది. వారు నాగుపామును, కట్లపామును, రక్తపింజరను, చిన్నపింజరను పట్టి తెచ్చి కుండల్లో ఉంచుతారు; విరుగుడు మందు తయారీ కోసం కొన్ని వారాలపాటు విషం తీస్తారు. తరువాత పొట్టమీది పొలుసుకు గుర్తు పెట్టి, తిరిగి అడవిలో విడిచిపెడతారు. వందలాది పాములు ఆ కుండల్లోకి వస్తాయి, పోతాయి. ఏ పామైనా లోపలికి వచ్చేనాడే అది బయటికి పోయే రోజు కూడా నిశ్చయమై ఉంటుంది. హైదరాబాదులో 1995 నుండి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు చేస్తున్నదీ ఈ మార్గమే. ఇళ్ళలో దూరిన పామును పట్టేది అడవికి చేర్చడానికే. పామును ప్రేమించేవాడు దానిని దగ్గర పెట్టుకొనే తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

ఈ మాట మావాడికి చెప్పాను. "నువ్వు దానిని కాపాడాలనుకుంటున్నావు, మంచిదే. కాని కాపాడడం వేరు, తెచ్చుకోవడం వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్ల నీ ముందు రెండే దారులు కనబడుతున్నాయి."

వాడు ఆ రాత్రి స్నేహితుడికి ఫోను చేసి, తాను తీసుకోలేనని చెప్పాడు. అతడికి కోపం వచ్చింది. "మూడింటికి లేని కష్టం నాలుగోదానికి వచ్చిందా?" అన్నాడట. మావాడు పోట్లాడలేదు. నోటుబుక్కులోని 2023 నాటి పేజీలను ఫోటో తీసి పంపాడు. "నేను తీసుకుంట లేను గాని, తీసుకునేటోన్ని వెతికేదాక నీ వెంట తిరుగుత" అన్నాడు. ఆ తరువాత మూడు ఆదివారాలు ఇద్దరూ కలిసి తిరిగారు. మొదటి చోట గది చూడగానే వద్దనుకున్నారు. రెండోచోట ఆ మనిషి పాము ధర ఎంతని మాత్రమే అడిగాడు గాని ఏమి తింటుందని అడగలేదు, అక్కడా వద్దనుకున్నారు. మూడో ఆదివారం బరోడాలో ఒక కుటుంబం దొరికింది. ఒకటే పాము ఉన్నది, ఖాళీ గది ఉన్నది, భార్యాభర్తలిద్దరికీ ఇష్టమున్నది. కాగితాలు మార్పించి, అధికారులకు తెలియజేసి, పామును పెట్టెతో సహా అప్పజెప్పి వచ్చారు. రైలులో తిరిగి వచ్చేటప్పుడు స్నేహితుడు ఏమీ మాట్లాడలేదట. సూరత్ స్టేషనులో దిగేటప్పుడు మాత్రం మావాడి భుజం మీద చెయ్యి వేశాడట.

వాడికి బాధ లేదని చెప్పలేను. ఆ తెల్లనిపాము ఫోటో ఇప్పటికీ వాడి ఫోనులో ఉన్నది. మనం కోరుకున్న మంచివస్తువు మరొకరి ఇంట్లో సుఖంగా ఉన్నదని తెలిసి సంతోషించడానికి ఇరవై నాలుగేళ్ళ వయస్సు కొంచెం చిన్నదే.

మన తెలుగువారి నాగపంచమి శ్రావణ శుద్ధ పంచమినాడు. గుజరాతీలకు అదే మాసంలో బహుళ పంచమినాడు. పదిహేను రోజుల తేడాతో మా వీధిలో నాగేంద్రుడికి రెండుసార్లు పూజ జరుగుతుంది. మావాడు ప్రశ్నతో మా ఇంటికి వచ్చినది మన పంచమి మరునాడు. వాళ్ళ పంచమినాటికి స్నేహితుడికి లేదని చెప్పి ఉన్నాడు గాని, పాముకు ఇల్లు ఇంకా దొరకలేదు. ఆనాడు పక్కింటి గుజరాతీ ఆవిడ సజ్జపిండిలో నెయ్యి, బెల్లం కలిపి చేసిన కూలేర్ పళ్ళెంలో పెట్టుకొని తెచ్చింది. వెనుక గదిలోకి తొంగిచూసి, నాలుగోది వస్తుందని విన్నానే, రాలేదా అని నవ్వుతూ అడిగింది.

మా అక్క పళ్ళెం అందుకుంటూ, "ఇంట్ల జాగ లేదమ్మా. ఉన్నయే సుఖంగుంటె చాలు" అన్నది. ఆ పాములు ఇంటికి వచ్చిన తరువాత వాటి సుఖాన్ని గురించి ఆమె నోట మాట రావడం నేను అదే మొదటిసారి వినడం.

నిన్న సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు నోటుబుక్కు బల్ల మీద తెరిచి ఉన్నది. పడమటి గోడ అవతల మగ్గాలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. తూర్పుగోడ దగ్గర, మొదటి పెట్టెలో, ఆరేళ్ళ వయస్సున్న పెద్ద పాము తన గూటిలో నుండి తల బయటపెట్టి చూస్తున్నది. ఆనాటి తేదీ కింద వాడు ఒకే ముక్క రాశాడు: "తిన్నది."